నలుగురూ తప్పంటారు, అయినా మెకానికల్ పిల్లలకు నా సలహాలివే

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చే రోజుల్లో రేగొండలో ఏ ఇంట్లో కూర్చున్నా ఒకటే మాట వినపడుతుంది. "సీఎస్ఈ వస్తే సరి, లేకుంటే ఏఐ, అదీ రాకుంటే డేటా సైన్స్. మెకానికల్ జోలికి మాత్రం పోకు బిడ్డా." మేనమామ అదే అంటాడు, కోచింగ్ సార్ అదే అంటాడు, హైదరాబాద్ హాస్టల్లో ఉండి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూస్తున్న పక్కింటి అన్న కూడా అదే అంటాడు. ఈ మాట బాగా పారింది. చాలా ఇంజినీరింగ్ కాలేజీలు మెకానికల్ సీట్లు తగ్గించుకుని కంప్యూటర్ సీట్లు పెంచుకున్నాయి.

నేను చెప్పేవన్నీ దీనికి ఎదురు సలహాలు. పాటిస్తే ఇంట్లో తిట్లు పడొచ్చు, ఒకటి రెండు చోట్ల మార్కులు కూడా పోవచ్చు. ఆ సంగతి తెలిసే, ప్రతి మాటకూ పూచీ పడుతూ రాస్తున్నాను.

మెకానికల్‌ను మొదటి ఆప్షన్‌గానే పెట్టండి

చివర్లో దిక్కులేక పెట్టే ఆప్షన్‌గా కాదు, మొదటిదిగా పెట్టండి. కారణం మీ ఊరి ముందున్న రోడ్డు మీదే ఉంది. రేగొండ నుంచి భూపాలపల్లి పోయే తోవలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. మొదటి దశ 500 మెగావాట్లు, రెండో దశ 600 మెగావాట్లు. కాల్చే బొగ్గు పక్కనే సింగరేణి భూపాలపల్లి గనుల్లో దొరుకుతుంది. ఇంజినీరింగ్ సీటు కోసం అమెరికా దాకా పోయే పిల్లలున్న దేశంలో, ఇంత పెద్ద పాఠం ఇంటి నుంచి బస్సు దూరంలో ఉండటం చిన్న అదృష్టం కాదు.

మెకానికల్ సిలబస్‌లో మూడు పాయలు ఉంటాయి. పదార్థాలు, తయారీ, శక్తి. జేఎన్‌టీయూ పేపర్ల పేర్లలో చెప్పాలంటే మెటలర్జీ అండ్ మెటీరియల్ సైన్స్, ప్రొడక్షన్ టెక్నాలజీ, థర్మల్ ఇంజినీరింగ్. వీటిని ముగ్గురు లెక్చరర్లు మూడు పుస్తకాలతో వేర్వేరు సెమిస్టర్లలో చెప్తారు. పిల్లలు మూడు పరీక్షలు రాసి మూడింటినీ మరిచిపోతారు. నా మట్టుకు ఇది మూడు సబ్జెక్టులు కాదు, ఒక్కటే సబ్జెక్టు. బాయిలర్ నుంచి టర్బైన్‌కు పోయే ఒక్క ఆవిరి గొట్టాన్ని చూస్తే ఇది తేలిపోతుంది.

ఇలాంటి 500 మెగావాట్ల యూనిట్లలో ఆవిరి సాధారణంగా 170 బార్ ఒత్తిడితో, 540 డిగ్రీల సెల్సియస్ దగ్గర బయలుదేరుతుంది. పని చేసి చల్లబడి 40 డిగ్రీల దగ్గర కండెన్సర్‌లో నీరవుతుంది. కార్నో 1824లో చెప్పిన సూత్రం ప్రకారం ఈ రెండు ఉష్ణోగ్రతల మధ్య ఏ యంత్రమైనా పిండగలిగేది గరిష్ఠంగా 61 శాతం. నిజంగా చేతికొచ్చేది మూడోవంతు కన్నా కొంచెం ఎక్కువ. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు వేసుకున్నా, 500 మెగావాట్ల యూనిట్ నిండుగా నడిస్తే గంటకు 325 టన్నులు కాలాలి. అలాంటప్పుడు ఆవిరిని ఇంకా వేడి చేయొచ్చు కదా, 700 డిగ్రీలకు తీసుకుపోతే బొగ్గు మిగులుతుంది కదా? ఈ ప్రశ్న అడిగిన పిల్లాడికి థర్మల్ పుస్తకంలో జవాబు దొరకదు, మెటలర్జీ పుస్తకంలో దొరుకుతుంది. ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో ఉక్కు ఏళ్ల తరబడి ఉంటే కంటికి కనపడకుండా సాగుతూ పోతుంది. దీన్నే క్రీప్ అంటారు. సాగీ సాగీ ఒకనాడు పగులుతుంది. అందుకే ఆ గొట్టాలకు మామూలు ఉక్కు వాడరు, క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు వాడతారు. పి-91 అనే రకంలో క్రోమియం 9 శాతం దాకా ఉంటుంది.

మంచి ఉక్కు కొన్నంత మాత్రాన పని అయిపోదు, దాన్ని అతకాలి. పి-91 గొట్టాన్ని 200 డిగ్రీలకు పైగా వేడి చేసి వెల్డ్ చేయాలి, ఆ తర్వాత అతుకును 750 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి నిదానంగా చల్లార్చాలి. అక్కడ తొందరపడితే ఎంత ఖరీదైన ఉక్కయినా అతుకు పక్కనే పగులుతుంది. ఇది ప్రొడక్షన్ టెక్నాలజీ పాఠం. మూడు సబ్జెక్టులూ ఒకే గొట్టంలో ఉన్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ కొత్తగా కట్టిన 800 మెగావాట్ల యూనిట్లు పాతవాటి కన్నా తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు ఇవ్వగలుగుతున్నాయంటే, మరింత వేడినీ ఒత్తిడినీ ఓర్చుకునే ఉక్కులు వచ్చాయి కాబట్టి.

ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ వద్దు, వెల్డింగ్ షాపులో కూర్చోండి

సెలవుల్లో హైదరాబాద్ పోయి, డబ్బు కట్టి, నాలుగు వారాల ఇంటర్న్‌షిప్ కాగితం తెచ్చుకోమని సీనియర్లు చెప్తారు. ఆ కాగితం మీద సంతకం ఉంటుంది గాని చదువు ఉండదు. దాని బదులు మీ ఊరి వెల్డింగ్ షాపు అన్నను అడిగి, ఆ సెలవులన్నీ అక్కడ కూర్చోండి. ఇంజినీరింగ్ చదివే కొడుకు వెల్డింగ్ షాపులో మసి పూసుకుంటున్నాడని నాన్నకు చిన్నతనంగా ఉండొచ్చు. ఉండనీయండి.

దుక్కుల కాలంలో అక్కడికి విరిగిన కల్టివేటర్ పళ్లు, రోటవేటర్ బ్లేడ్లు వస్తూనే ఉంటాయి. ఒక పని చేయండి. పోయినసారి అతికిన చోటే మళ్లీ విరిగి వచ్చిన ముక్కను చేతిలోకి తీసుకుని పరీక్షగా చూడండి. చాలాసార్లు వెల్డింగ్ గీత మీద విరగదు, గీతకు పక్కన కొద్ది మిల్లీమీటర్ల దూరంలో విరుగుతుంది. విరిగిన చోట సాగిన గుర్తు ఉండదు, గాజు పలిగినట్టు ఉంటుంది. ఎందుకంటే ఆ పళ్లలో కార్బన్ ఎక్కువ. రాడ్ తగిలినప్పుడు పక్కనున్న లోహం ఎర్రగా కాలుతుంది, రాడ్ పోగానే చుట్టూ ఉన్న చల్లటి ఇనుము ఆ వేడిని గబుక్కున లాగేస్తుంది. అంటే ఆ సన్నని పట్టీ నీళ్లలో ముంచకుండానే ముంచినంత గట్టిపడి, పెళుసుబారుతుంది. వానాకాలంలో రాడ్లు చెమ్మ పట్టి ఉంటే ఇంకా చేటు. ఆ చెమ్మలోని హైడ్రోజన్ లోహంలోకి దూరి, అతికిన మర్నాడు కూడా పగులు తెస్తుంది.

దీనికి మందు పుస్తకంలో ఉంది, షాపులో లేదు. అతికే ముందు ముక్కను వేడి చేయాలి, రాడ్లను ఆరబెట్టి వాడాలి, అతికాక బూడిదలో కప్పి నిదానంగా చల్లారనివ్వాలి. ఈ మూడూ చేసి చూపించండి. అతుకు నిలిస్తే ఆ అన్న మీకు తనకు తెలిసిన పది సంగతులు చెప్తాడు. ఒక కంట మంటను, ఒక కంట కరిగిన మడుగును చూస్తూ చేయి కదపడం ఏ వీడియోలోనూ రాదు.

కమ్మరి కొలిమి ఇంకా నడుస్తున్న ఊళ్లు మీ చుట్టుపక్కల ఉంటే అక్కడికీ పోండి. లారీ కమాన్ పట్టీతో కొడవళ్లు, గొడ్డళ్లు చేస్తారు. ఆ ఉక్కులో కార్బన్ అర శాతం నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాక అంచును రాయి మీద తోమి మెరిపించి, మళ్లీ మెల్లగా వేడి చేస్తే రంగులు పాకుతాయి. లేత గడ్డి రంగు వస్తే సుమారు 230 డిగ్రీలు, నీలం వస్తే 300 డిగ్రీల దగ్గర. ఏ రంగు దగ్గర ఆపాలో కమ్మరికి తెలుసు, ఆ రంగు వెనక ఉక్కు లోపల ఏం మారిందో మీ మెటలర్జీ పుస్తకానికి తెలుసు. ఈ రెండూ ఒకే తలలో ఉన్నవాళ్లు మనకు చాలా తక్కువ. మీరు ఆ మనిషి కావాలి.

రికార్డులో తప్పు రీడింగే రాయండి

ఈ సలహా మీద లెక్చరర్లు గట్టిగా కోప్పడతారని తెలుసు. ల్యాబ్ రికార్డులు ఎలా తయారవుతాయో అందరికీ తెలిసిన సంగతే. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, పుస్తకంలోని విలువకు దగ్గరగా వచ్చేట్టు రీడింగులు వెనక నుంచి కట్టుకుంటూ వస్తారు. అలా చేయొద్దు. హీట్ ట్రాన్స్‌ఫర్ ల్యాబ్‌లో ఇత్తడి కడ్డీ ఉష్ణవాహకత తీస్తున్నారనుకోండి. పుస్తకంలో 110 ఉంది, మీకు 85 వచ్చింది. 85 అనే రాయండి. కింద ఇంకో పేజీ రాయండి. కడ్డీ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ చినిగి వేడి బయటికి పోతోందా, థర్మోకపుల్ తీగ సరిగ్గా తగలడం లేదా, ఉష్ణోగ్రత నిలకడకు రాకముందే రీడింగ్ తీశామా, అసలు ఆ ఇత్తడిలో జింకు ఎంత ఉంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికితే ఆ యూనిట్ మొత్తం వచ్చేస్తుంది. 110 అని రాసి పది మార్కులు తెచ్చుకున్నవాడికి ఏమీ రాదు. రేపు బాయిలర్ గేజి తప్పు చూపిస్తున్నప్పుడు, ఉండాల్సిన అంకె వేసి సంతకం పెట్టే అలవాటు ఈ రికార్డుల్లోనే మొదలవుతుంది. దాని ఫలితం మార్కులతో పోదు, ప్రాణాలతో పోతుంది.

క్లాసు మానేసి పెంబర్తి పోండి

జనగామ దగ్గర పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవుళ్ల ప్రభలు, తొడుగులు, జ్ఞాపికలు చేసే ఊరు. హైదరాబాద్ పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూసి ఊరుకోకుండా ఒక రోజు దిగండి. కొట్టే కొద్దీ రేకు బిరుసెక్కుతుంది. ఇంకా కొడితే చిట్లుతుంది. అప్పుడు పనివాళ్లు దాన్ని కాల్చి మెత్తబరుస్తారు, మళ్లీ కొడతారు. వర్క్ హార్డెనింగ్, ఎనీలింగ్ అని మీరు పదిహేను మార్కుల ప్రశ్నగా చదివేది ఇదే. ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని వదలొద్దు. కొడవలిని కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడింది. ఇత్తడి రేకును కాల్చి నీళ్లలో ముంచినా మెత్తగానే ఉంటుంది. అదే నిప్పు, అవే నీళ్లు, ఫలితం మాత్రం తలకిందులు. ఎందుకో కాలేజీ మెట్లు దిగేలోపు చెప్పగలిగితే మెటలర్జీలో మీరు పాసయినట్టే. నేను జవాబు చెప్పను, ఐరన్–కార్బన్ డయాగ్రమ్ పక్కన కాపర్–జింక్ డయాగ్రమ్ పెట్టుకుని చూడండి.

లోహం అనగానే జర్మనీ, జపాన్ గుర్తొస్తాయి గాని మన నేల సంగతి మనకు గుర్తుండదు. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుప చిట్టెం కుప్పలు ఇప్పటికీ కనపడతాయి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు కాచే పద్ధతిని వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాసిపెట్టాడు, ఆ వ్యాసం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా వర్తకులు అక్కడికి వచ్చేవారు. దాంట్లో కార్బన్ ఒకటిన్నర శాతం అటూఇటూగా ఉండేది, అందుకే అంత పదును. మన దేశం నుంచి లండన్ చేరిన ఇలాంటి ఉక్కును మైకేల్ ఫారడే 1819లో విశ్లేషించాడు, దానికి సాటి వచ్చే ఉక్కు చేయాలని చాలా తంటాలు పడ్డాడు. ఆ ఫారడేనే తర్వాత కరెంటు పుట్టే సూత్రం కనిపెట్టాడు. చెల్పూరులో ఈ రోజు తిరుగుతున్న జనరేటర్ ఆ సూత్రం మీదే తిరుగుతోంది.

ఇంకా దగ్గర్లో పాలంపేట రామప్ప గుడి ఉంది. 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. శిఖరానికి వాడిన ఇటుక నీళ్ల మీద తేలుతుందని గైడ్లు చెప్తారు, అందరూ ఆశ్చర్యపోయి ఫొటోలు దిగి వస్తారు. మీరు మాత్రం లెక్క వేయండి. కాలిన మట్టి సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.6 గ్రాముల దగ్గర. ఇటుక మొత్తంగా 0.9 తూగాలంటే లోపల 65 శాతం గాలి గదులుండాలి. ఇంత గాలి ఉన్నా కట్టడం నిలవాలంటే ఆ ఇటుక ఎంత బరువు మోయాలి, ఎంత మోస్తే నలుగుతుంది? కాంపోజిట్లు, ఫోములు అని మెటీరియల్స్ ఎలెక్టివ్‌లో చెప్పే పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

క్యాడ్ తర్వాత, ఆకురాయి ముందు

ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్, క్రియో నేర్చుకోవాల్సిందే, కాని మొదట కాదు. మొదటి ఏడాది వర్క్‌షాపులో ఫిట్టింగ్ పని ఉంటుంది. ఆకురాయితో ఇనుప పలకను అరగదీసి వి-ఫిట్ చేయాలి. చాలామంది పక్కవాడితోనో, వర్క్‌షాపు అటెండర్ సాయంతోనో చేయించుకుంటారు. ఆ పని మీ చేత్తో మీరే చేయండి. కంప్యూటర్ తెర మీద ఏ గీతైనా తిన్నగానే వస్తుంది. పలకను తిన్నగా అరగదీయడం ఎంత కష్టమో తెలిసినవాడే డ్రాయింగ్‌లో టాలరెన్సు రాసేటప్పుడు ఒకసారి ఆగి ఆలోచిస్తాడు.

లేత్ మీద సంగతీ అంతే. వంద మిల్లీమీటర్ల షాఫ్టును టర్నింగ్ చేసి దింపగానే కొలిస్తే, అది గది వేడి కన్నా 50 డిగ్రీలు ఎక్కువ ఉంటే, 0.06 మిల్లీమీటర్లు పెద్దగా చూపిస్తుంది. ఆ వేడిలోనే సైజు సరిపోయిందని తీసేస్తే చల్లారాక బేరింగు వదులవుతుంది. ఇదే గుణాన్ని మెకానిక్ ఇంకోలా వాడుకుంటాడు. బేరింగును నూనెలో 100 డిగ్రీల దాకా కాచి షాఫ్టు మీదికి సులువుగా జార్చేస్తాడు, చల్లారితే పట్టు బిగుస్తుంది.

కాలేజీని షెడ్డు చూసి ఎంచుకోండి

బ్రోచర్ చూడొద్దు. వర్క్‌షాపు షెడ్డులోకి పోయి లేత్‌ల కింద ఇనుప పొట్టు ఉందో లేదో చూడండి. పొట్టు ఉంటే పిల్లలు పని చేస్తున్నట్టు, నేల అద్దంలా మెరిస్తే తనిఖీ రోజున మాత్రమే తలుపు తీస్తున్నట్టు. వరంగల్‌లో 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైన ఎన్ఐటీ ఉంది, మంథని పేరుతో సెంటినరీ కాలనీలో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, అక్కడ మెకానికల్ పక్కనే మైనింగ్ కూడా చెప్తారు. గనుల నడుమ ఉన్న కాలేజీని ఊరవతల ఉందని వదిలేయకండి. పాలిటెక్నిక్ చేసి ఈసెట్‌తో రెండో ఏడాదిలో చేరితే ఏడాది వృథా అంటారు. మూడేళ్లు మిషన్ల మధ్య తిరిగి వచ్చిన డిప్లొమా పిల్లలు బీటెక్‌లో మిగతావాళ్లకు పాఠం చెప్పడం తరచూ చూస్తాం. పైగా పదో తరగతి తర్వాత ఇంటర్ దారిలోనైనా, ఈ దారిలోనైనా పట్టేది ఆరేళ్లే, ఏడాది పోయేదేమీ లేదు.

ఆడపిల్లలకూ ఇదే సలహా. భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనులు పగటిపూట ఆడవాళ్లు చేయొచ్చని కేంద్రం 2019లోనే అనుమతించింది. గని తలుపే తెరుచుకున్నాక మెకానికల్ మగపిల్లల బ్రాంచి అని ఇంట్లో ఇంకా అనుకోవడం సరికాదు.

జీతం సంగతి దాచను. మొదటి ఉద్యోగంలో సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే వస్తుంది, జెన్‌కో, సింగరేణి నోటిఫికేషన్లకు ఏళ్లు ఆగాల్సి రావచ్చు. కాని హైదరాబాద్ అంటే హైటెక్ సిటీ ఒక్కటే కాదు. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. కంచన్‌బాగ్‌లో ప్రత్యేక మిశ్రలోహాలు, టైటానియం తయారుచేసే, 1973లో ఏర్పడిన మిధాని ఉంది. అణు రియాక్టర్లకు జిర్కోనియం గొట్టాలు చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. వీటికి కావలసింది పదార్థాన్ని, తయారీని, వేడిని కలిపి ఆలోచించే మనిషి.

ప్రాజెక్టు కొనొద్దు, బావి దగ్గర చేయండి

నాలుగో ఏడాది మేజర్ ప్రాజెక్టు అనగానే హైదరాబాద్‌లో రెడీమేడ్‌గా అమ్మే చోటు వెతుకుతారు. దాని బదులు మీ పొలంలోని బోరు మోటరు తీసుకోండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము, వాచీ, నీటిమట్టం కొలిచే తాడు, ఎలక్ట్రీషియన్ దగ్గర ఒక పవర్ మీటర్ చాలు. డ్రమ్ము 40 సెకన్లలో నిండితే సెకనుకు 5 లీటర్లు. నీళ్లు 40 మీటర్ల లోతు నుంచి వస్తుంటే వాటిని ఎత్తడానికి నిజంగా కావలసింది సుమారు 2 కిలోవాట్లు. మోటరు నాలుగున్నర కిలోవాట్లు లాగుతుంటే సగానికి పైగా ఎక్కడో పోతోంది. అరిగిన ఇంపెల్లర్‌లోనా, సన్నటి పైపులోనా, మళ్లీ మళ్లీ చుట్టించిన వైండింగ్‌లోనా? ఒక్కొక్కటే మార్చి కొలవండి. 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వస్తోంది, రైతుకు బిల్లు రాదు, కాబట్టి ఈ లెక్క అడిగేవాళ్లు లేరు. కరెంటు మాత్రం ఉచితంగా పుట్టడం లేదు, బొగ్గు కాలుతూనే ఉంది.

సోలార్ పంపు ఉన్న పొలం దొరికితే మే నెలలో అక్కడా కొలవండి. ప్యానెల్ మీద రాసిన వాట్లు 25 డిగ్రీల సెల్ దగ్గరివి. మన ఎండకు సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున 16 శాతం తగ్గుతుంది. ఎండ వేడి ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకునే రైతుకు ఈ సంగతి చెప్పేవాడు కావాలి.

ఒక ఊరిలో ఇరవై మోటర్లు కొలిచి పట్టిక రాయండి. ఒక కాపీ కాలేజీలో ఇవ్వండి, ఒకటి గ్రామ పంచాయతీలో ఇవ్వండి, ఒకటి విద్యుత్ శాఖ ఏఈకి ఇవ్వండి. ఏ రైతు మోటరులో ఏం మార్చితే ఎంత మిగులుతుందో ఆ రైతు ఇంటికే పోయి చెప్పండి.